అత్తగారి కుడి మోకాలు

ఆ సోమవారం సాయంత్రం అత్తగారు కమ్మీ పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చింది.

ఇల్లు రెండో అంతస్తులో. ఇరవై రెండు మెట్లు. పదకొండేళ్లుగా ఆవిడ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, కమ్మీకి వేలాడుతూ, మధ్య మలుపులో ఆగి ఇల్లు కట్టినవాణ్ణి నాలుగు తిట్టి, మళ్లీ ఎక్కేది. ఆరోజు తిట్లు వినిపించలేదు. కోడలు తలుపు తీసేసరికి అత్తగారు చేతిసంచీ భుజాన తగిలించుకుని, పరీక్ష పాసైన పిల్లలా నిలబడి ఉంది.

"ఒక్కరే ఎక్కడికెళ్లొచ్చారు అత్తయ్యా?"

"మీ క్లినిక్కే. పొద్దున కాలు బిగుసుకుపోయి మడత పడలేదు. నువ్వేమో సెలవు పెట్టి పిల్లదాని స్కూలుకి వెళ్లావాయె. నేనే బస్సెక్కి పోయా. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి ఉంది చూడూ..." అంటూ అత్తగారు ఎడమ కాలెత్తి చెప్పు విప్పుకుంది. గోడ పట్టుకోలేదు. కుడికాలి మీదే నిలబడింది. "ఆ పిల్ల చేతిలో ఏదో ఉందే అమ్మాయ్!"

సంతోషించాల్సిన మాట. కోడలికి మాత్రం కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

ఎందుకంటే ఆమె పని కూడా అదే. ఫిజియోథెరపీ క్లినిక్‌లో పంతొమ్మిదేళ్ల సర్వీసు. అక్కడ అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆమెకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు కూడా "పెద్దక్కా, ఇవాళ నడుము" అంటూ వచ్చి కూర్చునేవారు. పట్టేసిన మెడలు, పైకి లేవని భుజాలు, కట్టు విప్పిన మణికట్లు, అన్నిటికంటే ఎక్కువగా మోకాళ్లు. సూదీ కత్తీ జోలికి పోకుండా, చేత్తోనూ వ్యాయామంతోనూ నొప్పిని నెమ్మదింపజేసే చోటు అది. ఊళ్లో సగం మోకాళ్లు పెద్దక్క చేతి మీదుగానే నడుస్తున్నాయని క్లినిక్ డాక్టరుగారు కొత్తవాళ్లతో గొప్పగా చెప్పేవాడు.

ఒక్క మోకాలు తప్ప.

అత్తగారు బట్టల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు తొక్కుడు మిషను మీద చొక్కా కాలర్లు కుట్టింది. పనిలోంచి దిగిన ఏడాదే కుడి మోకాలు మొరాయించింది. ఎక్స్‌రే చూసినవాళ్లు అరిగిందన్నారు, ఆపరేషను దాకా పోలేదన్నారు. "ఇంట్లోనే మనిషుంటే నాకేం దిగులు" అని అత్తగారు నలుగురితో చెప్పుకుంది. కోడలి పనితనం గురించి ఆవిడ నోట వచ్చిన మంచిమాట అదొక్కటే. ఆ తర్వాత పదకొండేళ్లు, వారానికి నాలుగైదు సాయంత్రాలు, పెద్దక్క పని నుంచి వచ్చి చేతులు కడుక్కుని, నేల మీద కూర్చుని ఆవిడ కాలు ఒళ్లో పెట్టుకునేది. వేడినీళ్లలో ముంచిన గుడ్డ వేసి, తొడ దగ్గర్నుంచి పిక్క దాకా ఒత్తి, కాలు చాపించి మడిపించేది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఊఁ."

"కొంచెమైనా తగ్గిందా?"

"ఏదో."

టీవీ మీంచి చూపు తిప్పకుండా అనే ఆ 'ఏదో'కి పెద్దక్క అలవాటు పడిపోయింది. అత్తగారి తత్వమే అంత, ఎవర్నీ మెచ్చుకోదు అని సరిపెట్టుకుంది. ఇప్పుడు తెలిసింది, ఆవిడకి మెచ్చుకోవడం రాక కాదని.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు మూడుసార్లు ఆ సంగతే చెప్పింది. పెద్దక్క భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మనిషి సరదా మనిషి. "అమ్మ ఇలా చకచకా మెట్లెక్కేస్తే ఇక నా లిఫ్టులకి గిరాకీ ఏముంటుంది?" అని నవ్వాడు. పెద్దక్క గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు విని, తల కంచంలోకి దించేశాడు.

అత్తగారు ప్రతి మంగళవారం కొత్తమ్మాయి దగ్గరికే వెళ్తానంది. కాదనడానికి కారణం ఏముంది? క్లినిక్ రిజిస్టరు రాసేది పెద్దక్కే. ఆమె చేత్తోనే అత్తగారి పేరు కొత్తమ్మాయి గడిలో రాసింది. కలం అవసరానికి మించి ఒత్తింది.

ఐదు మంగళవారాలు గడిచాయి. నిజంగానే మోకాలు తేరుకుంది. అత్తగారు కింద కొట్టు దాకా వెళ్లి పాలు తెస్తోంది. మంచం దిగేటప్పుడు మూలగడం మానేసింది. దాంతోపాటు ఇంట్లో ఒక కొత్త పాట మొదలైంది. "ఆ పిల్ల చెయ్యి వెచ్చగా ఉంటుంది." "ఆ పిల్లకి తొందర లేదు." "ఆ పిల్ల నొప్పా అని అడగదు, తనే కనిపెడుతుంది." ఒక్కో 'ఆ పిల్ల' ఒక్కో సూదిలా దిగేది. పెద్దక్క గిన్నెలు కడుగుతూ పంపు కింద తన చేతులు చూసుకునేది. వెడల్పాటి అరచేతులు, ఒత్తీ ఒత్తీ ముదిరిపోయిన బొటనవేళ్ల కీళ్లు. వీటికేం తక్కువ?

ఆరో మంగళవారం చూడనే చూసింది. క్లినిక్‌లో మూడు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ తెరలు. పక్క మంచం మీద తన రోగికి భుజం మీద వేడి సంచీ వేసి, తెర అంచు వేలెడంత తప్పించింది.

కొత్తమ్మాయి స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఊరికే అరచెయ్యి తొడ మీద ఆనించి ఆగింది. అలా ఎంతసేపు ఆగిందంటే, పెద్దక్క గోడ గడియారం చూసింది. నాలుగు నిమిషాలు. అప్పుడు మోకాలిచిప్పను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి పక్కకి, మళ్లీ ఇటు పక్కకి, కిందికి, పైకి, నీళ్ల మీద ఆకును జరిపినట్టు జరిపింది. తర్వాత పిక్క పైభాగం పట్టుకుని కీలు దగ్గర కాస్త ముందుకి, కాస్త వెనక్కి. అంతే. నొప్పికి పెట్టే కరెంటు మిషను లేదు, వైర్లు లేవు.

అందులో పెద్దక్కకి తెలియంది ఒక్కటీ లేదు. కాలేజీలో రెండో ఏడు నేర్పే పాఠమే. అదే మరీ మండించింది. కొత్త విద్యేదైనా అయితే నేర్చుకునేది, తగాదా తీరిపోయేది. తెలిసిన దాన్నే ఈ పిల్ల చేస్తే పనిచేయడమేమిటి?

అప్పుడు అత్తగారు కళ్లు మూసుకునే ఏదో గొణిగింది. కొత్తమ్మాయి ఏదో అంది. ఇద్దరూ ఫక్కున నవ్వారు. అత్తగారు అలా పొట్ట అదిరేలా నవ్వడం పెద్దక్క ఇంట్లో చూసి ఎన్నేళ్లయిందో. తన గురించే అయ్యుంటుంది అనుకుంది. అనుకున్నాక ఇక ఆ అనుమానం వదల్లేదు.

"పెద్దక్కా, సంచీ కాలుతోంది" అని తన రోగి అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ సాయంత్రమే ఆమె డాక్టరుగారి గదిలోకి వెళ్లింది.

"కొత్తమ్మాయి ఒక్కో మనిషికీ నలభై అయిదు నిమిషాలు తీసుకుంటోందండీ. బయట బెంచీ మీద జనం విసుక్కుంటున్నారు."

అబద్ధం కాదు. విసుక్కున్నది ఒకే ఒక్కడు, అతను ఎక్కడ కూర్చున్నా విసుక్కునే మనిషి. ఆ మాట చెప్పలేదు.

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వెంత తీసుకుంటావు?"

"ఇరవై."

"అయితే తనకీ ఇరవయ్యే అని చెప్పు. మిగతాది మిషను మీద పెట్టమను."

ఆ మాట చెప్పినప్పుడు కొత్తమ్మాయి వాదించలేదు. "సరే అక్కా" అని, చేతిలో తువ్వాలు మళ్లీ మళ్లీ మడత పెట్టింది.

అంతటితో ఆగినా పోయేది. ఇంటికొచ్చి పెద్దక్క రెండో పని కూడా చేసింది.

"వచ్చే మూడు వారాలు ఆ అమ్మాయికి ఖాళీ లేదు అత్తయ్యా. మంగళవారాలన్నీ నిండిపోయాయి."

నిండిపోయిన మాట నిజమే. ఇంటికి బయల్దేరే ముందు నింపింది తనే. బుధవారం వాళ్లనీ శుక్రవారం వాళ్లనీ తెచ్చి మంగళవారంలో కుక్కింది.

అత్తగారు ఒక్క క్షణం కోడలి ముఖంలోకి చూసింది. "అలాగా" అంది. మరి ఆ ఊసెత్తలేదు.

మొదటి వారం ఫరవాలేదు. రెండో వారం వాన పట్టింది, మోకాలు బరువెక్కింది. మూడో వారానికి అత్తగారు మళ్లీ కమ్మీకి వేలాడుతోంది. పాలు తేవడం మానేసింది. పెద్దక్క దగ్గరుండి మెట్లెక్కిస్తుంటే లోపలెక్కడో చిన్న తృప్తి. ఆ తృప్తిని చూసి తనకే ఒళ్లు జలదరించింది. అయినా అది పోలేదు.

మూడో వారం గురువారం సాయంత్రం, "చూస్తావా ఓసారి?" అని అత్తగారే కాలు చాపింది.

ఆరోజు పెద్దక్క క్లినిక్‌లో పద్నాలుగు మందిని చూసి వచ్చింది. అయినా అలసట గుర్తు రాలేదు. ఎప్పట్లాగే వేడినీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని నేల మీద కూర్చుంది, చేతులు రుద్దుకుంది, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టింది. అన్నీ ఆ పిల్ల చేసినట్టే. తొడ మీద చెయ్యి ఆనించింది. తొడ కండరం రాయిలా బిగుసుకుని ఉంది. అలా బిగిసి ఉన్నప్పుడు చిప్ప కదలదని, కదిలించకూడదని ఆమెకి తెలుసు. ఎంతోమంది కుర్రవాళ్లకి తనే నేర్పింది. ఆగాలి. వదులయ్యేదాకా ఆగాలి.

ఒక నిమిషం ఆగింది. రెండు నిమిషాలు. తొడ వదులవలేదు. నా చేతికింద ఎందుకు వదులవదు? అని లోపల ఏదో తెగింది. బొటనవేళ్లు బిగించి చిప్పను నెట్టేసింది.

"అమ్మా!" అత్తగారు కాలు లాక్కుంది. ఆవిడ మడమ తగిలి నీళ్ల గిన్నె బోర్లా పడింది. గదిలో ఆడుకుంటున్న పెద్దక్క కూతురు పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది నానమ్మా?"

"ఏం లేదులే. నీళ్లొలికాయి. నువ్వెళ్లి ఆడుకో."

పెద్దక్క గుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. తలెత్తే ధైర్యం లేదు.

"అమ్మాయ్," అంది అత్తగారు, మోకాలు రెండు చేతులతో పట్టుకుని. "నీకు కోపం నా మీదా, ఆ పిల్ల మీదా?"

"కోపం ఏంటత్తయ్యా..."

"ముప్పై రెండేళ్లు ఆడవాళ్ల మధ్య మిషను తొక్కాను. నా పక్క మిషను దానికి మేస్త్రీ శభాష్ అంటే నా దారం తెగేది. నాకు తెలీదా? మంగళవారాలు నిండాయన్నావు. నేను క్లినిక్కుకి ఫోన్ చేసి అడగలేననుకున్నావా?"

పెద్దక్క తలెత్తి చూసింది. "అడిగారా?"

"అడగలా. అడిగితే నిజం తెలుస్తుంది. తెలిస్తే నీతో తగవు పడాలి. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నా."

చెయ్యి తడి గుడ్డ మీదే ఉండిపోయింది. చివరికి పెద్దక్క పదకొండేళ్లుగా అడగనిది అడిగేసింది. "ఆ అమ్మాయి ముందు మీ కాలు వదులవుతుంది. నా దగ్గర కొయ్యలా పెడతారు. నేనేం పాపం చేశానత్తయ్యా? ఒక్కరోజు, ఒక్కరోజైనా బాగుంది అన్నారా?"

అత్తగారు చీర కొంగుతో పిక్క మీది నీళ్లు ఒత్తుకుంది.

"ఆ పిల్లకి అది ఉద్యోగం. నేను పడుకుంటాను, అది చేస్తుంది, నేను లేచొస్తాను. నువ్వలా కాదు. పొద్దుట్నుంచీ ఊళ్లో వాళ్ల కాళ్లు పట్టి వస్తావు. వచ్చి నా కాలు ఒళ్లో పెట్టుకుంటావు. నీ బొటనవేలు వణకడం నాకు తెలుస్తూనే ఉంటుంది. ఎప్పుడెప్పుడు అయిపోతుందా, ఇది లేచి వెళ్లి నాలుగు ముద్దలు తింటుందా అని బిగపట్టుకుని కూర్చుంటా. బాగుందంటే ఇంకో పది నిమిషాలు చేస్తావు. అందుకని ఊఁ అని వదిలించుకునేదాన్ని."

"ఆ మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే మానేస్తావుగా." అత్తగారు ముఖం పక్కకి తిప్పుకుంది. "మానేస్తే మాత్రం నాకు బాగుంటుందా?"

ఆ మాట నిజమో, తన మనసు కుదుటపరచడానికి అన్నదో పెద్దక్కకి తెలియలేదు. తర్వాత ఆమె ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి మోకాలి మీద పెట్టింది. అది మూడు రోజులు వాచి ఉంది. ఆ మూడు రోజులూ పాలు పెద్దక్క భర్త తెచ్చాడు. ఏం జరిగిందని అతను అడగలేదు. అడగకపోవడంలో అతనికి మంచి అనుభవం.

ఆ గొడవ జరిగిన మర్నాడే ఆమె డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. విసుక్కున్నది ఒక్కడేనని, మా అత్తగారి విషయంలో కడుపుమంటతో చెప్పానని, రిజిస్టర్లో మంగళవారాలు కావాలనే నింపానని. ఆయన చాలాసేపు పేపరు మీద పెన్నుతో గీతలు గీశాడు. "నిన్ను నమ్మి చెప్పానమ్మా నేను," అన్నాడు. ఆమెకి తల తీసేసినట్టయింది. చివరికి కొత్తమ్మాయికి ముప్పై అయిదు నిమిషాలు ఇచ్చాడు. రిజిస్టరు రాసే పని మాత్రం పెద్దక్క దగ్గర్నుంచి తీసి ముందు గదిలో ఫోనెత్తే మనిషికి అప్పగించాడు.

కొత్తమ్మాయితో చెప్పడం ఇంకా కష్టమైంది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, తువ్వాళ్లు ఆరేసే వరండాలో దొరకబుచ్చుకుంది. మాటలు కూడబలుక్కుని వచ్చింది గానీ అవి సగంలోనే తడబడ్డాయి.

"నాకు తెలుసక్కా," అంది కొత్తమ్మాయి, తువ్వాలు దులుపుతూ. "రిజిస్టర్లో కొట్టివేతలన్నీ మీ చేతిరాతేగా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఏం చెయ్యమంటారు? చేరి ఏడాది కాలేదు. ఈ మూడు వారాలూ నా పనిలోనే ఏదో తప్పుందేమో అని రోజూ ఇంటికెళ్లి మా అమ్మ మోకాలి మీద చేసి చూసుకున్నా. ఆవిడకి నొప్పే లేదు, నవ్వుతుంది." ఆ పిల్ల ఇంకో తువ్వాలు తీసి గట్టిగా దులిపింది. "మీ దగ్గర పని నేర్చుకుందామనే ఇక్కడ చేరాను. ఇంకో రెండు చోట్ల రమ్మన్నా."

పెద్దక్క తీగ మీద తువ్వాలు సరిచేసింది. సరిగ్గానే ఉంది అది. "తప్పయింది," అంది. మరి కాసేపటికి, ఉండబట్టలేక అడిగేసింది. "ఆ రోజు... మా అత్తగారూ నువ్వూ దేనికి నవ్వారు?"

"ఏ రోజు?"

"అదే, వానలకి ముందు. మంగళవారం."

కొత్తమ్మాయి నిజంగానే ఆలోచించింది. "గుర్తులేదక్కా," అంది.

క్షమించానని ఆ పిల్ల అనలేదు. ఆ తర్వాత కూడా అక్కా అనే పిలిచేది, పని మాటలు మాట్లాడేది. కానీ టీ తాగేటప్పుడు వచ్చి పక్కన కూర్చోవడం మానేసింది. పెద్దక్క అందుకు ఎవర్నీ తప్పుపట్టలేదు.

మంగళవారాలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి పెద్దక్కే అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లి, మంచం మీద పడుకోబెట్టి, తెర లాగి బయటికొచ్చేది. తెర వెనక నవ్వు వినిపిస్తే ఇంకా గుచ్చుకునేది. గుచ్చుకున్నప్పుడు నడుము పట్టేసిన పోస్ట్‌మ్యాన్‌నో, మెడ తిరగని టీచరమ్మనో చూసుకుంటూ ఉండిపోయేది. ఒకటి మాత్రం మార్చుకుంది. తనూ మిషను వైపు చూడకుండా, ముందు చెయ్యి ఆనించి ఆగడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఊరికే ఆగడం మొదట్లో దొంగతనంలా అనిపించింది. పోస్ట్‌మ్యాన్ రెండో వారం "ఏంటి పెద్దక్కా, కొత్త కోర్సు చేశావా?" అన్నాడు. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు.

అత్తగారు రెండు నెలల్లో మళ్లీ కొట్టుకీ, ఆ పై నెల బస్టాండు అవతల పార్కుకీ నడిచింది. పూర్తిగా పోయే నొప్పి కాదది. చలికి, వానకి పలకరించి వెళ్లేది.

ఏడాది తిరిగేసరికి కొత్తమ్మాయి తన ఇంటికి దగ్గర్లో వేరే క్లినిక్‌లో చేరింది. వెళ్లే రోజు అందరికీ చెప్పినట్టే పెద్దక్కకీ చెప్పింది. అత్తగారు రెండు బస్సులు మారి అక్కడికీ వెళ్లొచ్చింది, రెండుసార్లు. మూడోసారి బయల్దేరబోతూ చెప్పు వేసుకుని, విప్పేసింది.

"అమ్మాయ్, ఆదివారం నీకేం పనుంది?"

"ఏం లేదత్తయ్యా."

"అయితే ఆదివారం చూడు. పొద్దున. కడుపునిండా తిని, ఓ కునుకు తీసి రా. పని నుంచి వచ్చిన రోజు నా కాలు ముట్టుకున్నావంటే ఊరుకోను."

ఆదివారం పెద్దక్క తిని, పడుకుని లేచి వచ్చింది. అత్తగారు మంచం మీద పడుకుని ఉంది, టీవీ పెట్టలేదు. తొడ మీద చెయ్యి ఆనించింది. బిగుసుకునే ఉంది. ఆగింది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది. అరచేతి కింద కండరం కొంచెం, ఇంకొంచెం సడలి, ఉన్నట్టుండి నిద్రపోతున్న పిల్లాడి చెయ్యిలా బరువుగా మెత్తబడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎరగని బరువు. పెద్దక్క ఊపిరి బిగబట్టి, చిప్పను రెండు వేళ్ల మధ్య తీసుకుని పక్కకి జరిపింది. జరిగింది.

అత్తగారు కళ్లు తెరవలేదు. "బాగుంది," అంది. కాసేపాగి, నిద్రమత్తులో, "ఆ పిల్ల ఇంకొంచెం కిందకి పట్టేది."

పెద్దక్కకి చెవుల దాకా వేడెక్కింది. పళ్లు బిగించుకుంది. చేతులు మాత్రం మెత్తగానే ఉంచి, వేళ్లు ఇంకొంచెం కిందకి జరిపింది.